పిల్లల ఇంటిపనిలో తల్లిదండ్రులు ఎంతవరకు కల్పించుకోవాలి?

కేంద్ర విద్యాశాఖ 2020లో వెలువరించిన స్కూల్ బ్యాగ్ విధానం పుస్తకాల బరువుతో పాటు ఇంటిపనికి కూడా పరిమితులు సూచించింది. దాని ప్రకారం రెండో తరగతి వరకు ఇంటిపని ఇవ్వకూడదు. మూడు నుంచి ఐదు తరగతుల వారికి వారం మొత్తానికి 2 గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు 1 గంట, ఆపై తరగతులకు రోజుకు 2 గంటలు మించకూడదు. నాలుగో తరగతి పిల్లవాడు బడి ఉన్న ప్రతి రోజూ రాత్రి రెండేసి గంటలు రాస్తున్నాడంటే, ఆ పరిమితికి ఐదారు రెట్లు రాస్తున్నాడన్న మాట. అయినా మన ఊళ్లలో డైరీ నిండా హోంవర్కు ఉంటేనే మంచి బడి అనుకునే తల్లిదండ్రులు తక్కువేమీ కాదు.

బడి నుంచి రాగానే పుస్తకాలు తీయించకుండా, ఏదైనా తిని కాసేపు ఆడుకున్న తర్వాత, భోజనానికి ముందే ఇంటిపని ముగిసేలా వేళ కుదర్చడం మేలు. ప్రత్యేకంగా గది అక్కర్లేదు. ఆ కాసేపూ టీవీ ఆపి, పెద్దలు కూడా ఫోన్ పక్కన పెడితే చాలు.

అసలు చిక్కు తప్పులు దిద్దే దగ్గర వస్తుంది. 52లోంచి 27 తీసివేయమంటే చాలామంది పిల్లలు 35 అని వేస్తారు. రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి రెండు తీసేసి ఐదు వేయడమే ఇందుకు కారణం. అమ్మ రబ్బరు తీసుకుని 25 అని దిద్దితే నోటుపుస్తకం శుభ్రంగానే ఉంటుంది గానీ, పదుల స్థానం నుంచి అరువు తెచ్చుకోవడం పిల్లవాడికి రాలేదన్న సంగతి టీచరుకు తెలియకుండా పోతుంది. అలా దిద్దేయకుండా పది రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్లలు రెండు చేతికిచ్చి, ఇందులోంచి ఇరవై ఏడు రూపాయలు ఇవ్వమని అడగండి. ఒక నోటు చిల్లర మార్చకపోతే ఇవ్వడం కుదరదని వాడే గ్రహిస్తాడు. అప్పటికీ అర్థం కాకపోతే ఆ తప్పును అలాగే ఉంచి పంపండి. టీచరు చూడవలసింది దాన్నే. ప్రాజెక్టు చార్టులకూ ఇదే వర్తిస్తుంది. నాన్న గీసిన సౌరకుటుంబం ఎంత అందంగా ఉన్నా అది నాన్న నేర్చుకున్న పాఠమే.

పిల్లల చదువు ఇంగ్లీషు మీడియంలో సాగుతుంటే, తమకు ఆ భాష రాదని వెనకాడే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. కిరణజన్య సంయోగక్రియ పాఠమైతే, ఆకుకు ఎండ ఎందుకు కావాలో తెలుగులో చెప్పమని అడగవచ్చు. బిడ్డ సొంత మాటల్లో చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే. గైడులోని వాక్యాలు అప్పజెప్పి, ఎందుకని అడగగానే ఆగిపోతే ఇంకా అర్థం కానట్టు. ఎక్కాలు, పద్యాలు మాత్రం నోటికి రావలసిందే కాబట్టి, వాటిని వంట చేస్తూ కూడా అప్పజెప్పించుకోవచ్చు.

వేళకు కూర్చున్నా పని తెమలడం లేదంటే, రాత్రి పదింటిదాకా మేల్కొలిపి రాయించకండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు పెడితే చర్చ పెరుగుతుందే తప్ప పని తగ్గదు కనుక, డైరీలోనే టీచరుకు రెండు ముక్కలు రాయండి: “నలభై నిమిషాలు శ్రద్ధగా చేశాడు. మొదటి నాలుగు లెక్కలు సొంతంగా చేశాడు. అరువు తెచ్చుకునే తీసివేతల దగ్గర ఆగిపోయాడు. దయచేసి ఒకసారి మళ్లీ చెప్పగలరు.” వారంలో రెండు మూడుసార్లు ఇలా రాయవలసి వస్తే, ఆ డైరీ పట్టుకుని బడికి వెళ్లి టీచరుతో మాట్లాడండి.