ముప్పై దాటాక జీఎన్‌ఎంలో చేరాలంటే: దరఖాస్తు నుంచి రిజిస్ట్రేషన్ వరకు

పెళ్లయి, పిల్లలు బడికి వెళ్తున్న వయసులో నర్సింగ్ చదవాలనుకునేవారు మొదట అడిగేది "ఇప్పుడు సీటు ఇస్తారా?" అనే. ఇస్తారు. భారత నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం మూడేళ్ల జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమాలో చేరడానికి కనీస వయసు 17 ఏళ్లు, గరిష్ఠ వయసు 35 ఏళ్లు. ఏఎన్‌ఎం (ఆక్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) కోర్సు చదివి రిజిస్టర్ అయినవారికి ఆ పైపరిమితి కూడా లేదు. పెళ్లి అడ్డు కాదు. నేను చేరేనాటికి నాకు 31 ఏళ్లు. వయసు గురించి నన్నెవరూ ఒక్క మాట అనలేదు. నన్ను తిప్పించినవి పాత కాగితాలు. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువ చెబుతాను.

ముందు అర్హత చూసుకోండి. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండాలి. ఆ సీట్లను తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తాయి. జీఎన్‌ఎంకు ఇంటర్‌లో ఏ గ్రూపైనా పనికొస్తుంది. సీఈసీ, హెచ్ఈసీ చదివినవారు నిరాశపడనక్కర్లేదు. అయితే మొత్తం మీద 40 శాతం, ఇంగ్లిష్‌లో విడిగా మరో 40 శాతం మార్కులు ఉండాలి. చాలామంది చూసుకోకుండా దెబ్బతినేది ఇక్కడే. ఇంగ్లిష్‌లో రెండేళ్లూ 35 మార్కులతో గట్టెక్కినవారు ఇంటర్ పాసైనట్టే గాని, ఈ కోర్సుకు అర్హులు కారు. దరఖాస్తు రుసుము కట్టకముందే మార్కుల మెమో తీసి లెక్క వేసుకోండి.

పదో తరగతితో చదువు ఆగినవారు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇంటర్ పూర్తి చేయవచ్చు. గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూల్ ఇంటర్ చెల్లుతుంది. కానీ 33 ఏళ్లకు ఆలోచన మొదలుపెడితే గడువు మీద పడుతుంది. వయసును ఏ తేదీ నాటికి లెక్కిస్తారో ప్రకటనలో ఉంటుంది, సాధారణంగా అది ఆ ఏడాది డిసెంబరు 31. పుట్టిన తేదీకి పదో తరగతి మెమోయే ఆధారం. బడిలో చేర్చినప్పుడు ఏడాది ఎక్కువ వేయించి ఉంటే అదే లెక్కలోకి వస్తుంది, ఆధార్‌లో ఏమున్నా సరే.

జీఎన్‌ఎం ప్రకటన వైద్య విద్య సంచాలకుల కార్యాలయం నుంచి ఏడాదికి ఒకసారి వెలువడుతుంది. ఎంపిక ప్రధానంగా ఇంటర్ మార్కులను బట్టే. ప్రభుత్వం నింపే కన్వీనర్ కోటా, కళాశాల నింపే యాజమాన్య కోటా వేరువేరు. ప్రకటన వచ్చాక దొరికే సమయం తక్కువ కాబట్టి కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

ఇక నా సంగతి. దరఖాస్తులో నా పేరు రాసేటప్పుడు అలవాటుగా అత్తవారి ఇంటిపేరు పెట్టేశాను. ఆధార్‌లోనూ అదే ఉంది. సర్టిఫికెట్ల పరిశీలన రోజు బల్ల అవతలి ఆవిడ పది మెమో, ఇంటర్ మెమో, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కో ఇంటిపేరు మీద తట్టి, "ఇద్దరు మనుషులున్నారే ఇక్కడ" అంది. వివాహ ధ్రువీకరణ పత్రం నా దగ్గర లేదు. దాని కోసం ఊరికి వెళ్లి, నోటరీ అఫిడవిట్ కూడా జతచేసి, చివరి రోజు సాయంత్రం ఇవ్వగలిగాను. మీరు అలా చేయవద్దు. దరఖాస్తులో పది మెమోలో ఉన్న పేరునే, అక్షరం కూడా మారకుండా రాయండి. ఆధార్‌లో వేరేగా ఉంటే వివాహ ధ్రువీకరణ పత్రం ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి.

కుల ధ్రువీకరణ పత్రంలోనూ ఇదే చిక్కు. కులం పుట్టుకతో వచ్చేది కాబట్టి పెళ్లైన మహిళ తండ్రి వివరాలతో, పుట్టింటి ఆధారాలతో తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రానికి మాత్రం కుటుంబం అంటే దరఖాస్తుదారు, తల్లిదండ్రులు, భర్త, 18 ఏళ్లలోపు పిల్లలు, తోబుట్టువులు. అందరి ఆదాయం కలిపి ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. స్థానికత కోసం ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు కావాలి. చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. మధ్యలో చదువు ఆగిన సంవత్సరాలకు కొన్ని కళాశాలలు గ్యాప్ అఫిడవిట్ అడుగుతాయి. ఒరిజినల్స్ అప్పగించేముందు ప్రతి కాగితానికీ రెండు జతల నకళ్లు ఉంచుకోండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు వయసు, ఆదాయ షరతులు ప్రవేశ షరతులకు వేరు. సీటు వచ్చింది కదా అని అదీ వస్తుందనుకోకుండా, చేరే ముందే సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కోండి.

ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆయాలుగా, సహాయకులుగా పనిచేస్తున్న అక్కచెల్లెళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. "పని మానక్కర్లేదు, ఆదివారం వస్తే చాలు, జీఎన్‌ఎం సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అనేవారికి ఒక్క రూపాయి ఇవ్వవద్దు. జీఎన్‌ఎం దూరవిద్యలో లేదు. ఏ కళాశాలలో డబ్బు కట్టేముందైనా దాని పేరు భారత నర్సింగ్ మండలి వెబ్‌సైట్‌లోనూ, రాష్ట్ర నర్సింగ్ మండలి జాబితాలోనూ ఉందో లేదో చూడండి. లేకపోతే మూడేళ్లు చదివినా రిజిస్ట్రేషన్ రాదు. కష్టార్జితం ఇలా పోగొట్టుకున్నవారిని చూశాను, ఆ బాధ ఎవరికీ వద్దు.

చేరాక ఎలా ఉంటుందో తెలిస్తే ఇంట్లో ఏర్పాట్లు చేసుకోవచ్చు. ప్రతి సబ్జెక్టులో 80 శాతం హాజరు కావాలి, క్లినికల్ గంటలు, అంటే ఆసుపత్రిలో చేసే పని గంటలు మాత్రం నూటికి నూరూ పూర్తి చేయాలి. పిల్లవాడికి జ్వరం వచ్చి పోగొట్టుకున్న వార్డు డ్యూటీని తరవాత చేసి తీరాలి. రాత్రి డ్యూటీలు ఉంటాయి, పిల్లల దగ్గర ఎవరుంటారో ముందే మాట్లాడుకోండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది కాబట్టి చేరే ముందే మొదలుపెట్టడం మేలు.

మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ ఇంగ్లిష్ పేర్లతో భయపెడతాయి. ఆర్ట్స్ చదివిన నన్ను అంతకంటే ఎక్కువ భయపెట్టింది లెక్కలు. 500 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెలైన్ ఎక్కించే గొట్టం సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు? 500ను 20తో హెచ్చించి 480 నిమిషాలతో భాగిస్తే దాదాపు 21. వంటింట్లో పాలు కాగేలోపు గోడమీద క్యాలెండర్ వెనక ఇలాంటివి రోజుకు మూడు వేసేదాన్ని. నెల తిరిగేసరికి వార్డులో గడియారం చూస్తూ చుక్కల వేగాన్ని మార్చే రోలర్ సవరించడం చేతికి అలవాటైంది. థియరీలోనూ ప్రాక్టికల్‌లోనూ విడివిడిగా 50 శాతం వస్తేనే పాస్.

చివరి పరీక్ష పాసయ్యాక రాష్ట్ర మండలిలో నర్సుగా, మంత్రసానిగా రిజిస్టర్ చేసుకోవాలి. అది లేకుండా ఉద్యోగంలో చేరకూడదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద వచ్చేది పది మెమోలోని పేరే. గల్ఫ్‌కో జర్మనీకో వెళ్లే ఆలోచన ఉంటే పాస్‌పోర్టును కూడా ఆ పేరుతోనే తీసుకోండి.