నవల చదివే విద్య – 4వ పాఠం: పోటీ ఎవరి మనసులో ఉంది?

'నేను' అంటూ కథ చెప్పే పాత్రను ఎంతవరకు నమ్మాలో గత పాఠంలో చూశాం. ఇప్పుడు ఆ పరీక్షను ఒక నవలకు పెడదాం. జాన్ నోల్స్ రాసిన 'ఎ సెపరేట్ పీస్' 1959లో అచ్చయింది. మొత్తం 13 అధ్యాయాలు. ఈ పాఠానికి మొదటి నాలుగు చాలు. ముందు వాటిని ఎక్కడా ఆగకుండా చదివేయండి. పెన్సిల్ రెండోసారికి. మొదటిసారే గీతలు గీస్తూ కూర్చుంటే, కథకుడు మనల్ని ఎక్కడ తనవైపు తిప్పుకున్నాడో పట్టుకోలేం. ఒకసారి అతని మాట నమ్మి ఉంటేనే, ఎందుకు నమ్మామో వెనక్కి వెళ్లి వెతకగలం.

కథ జరిగేది అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో, డెవన్ అనే మగపిల్లల బోర్డింగ్ స్కూల్లో. 1942 వేసవి. జీన్ ఫారెస్టర్ చదువులో ముందుంటాడు. ఫినియస్‌ను అందరూ ఫిన్నీ అంటారు, ఆటల్లో అతనికి సాటి లేదు. ఇద్దరిదీ ఒకే గది. ఇద్దరికీ 16 ఏళ్లు. ఒక ఏడాది పెద్దవాళ్లను స్కూలు అప్పటికే యుద్ధానికి తయారుచేస్తోంది. మునిగిపోతున్న ఓడ మీంచి దూకే సాధనగా, నది ఒడ్డున చెట్టెక్కి నీళ్లలోకి దూకడం వాళ్ల శిక్షణలో ఒక భాగం. ఈ ఇద్దరికీ మాత్రం ఇంకొక్క వేసవి మిగిలింది, మేష్టర్లు కూడా వీళ్లను చూసీచూడనట్టు వదిలేస్తున్నారు. అదే ఏడాది నవంబరులో అమెరికా ప్రభుత్వం సైన్యంలోకి పిలిచే కనీస వయసును 20 నుంచి 18కి తగ్గించింది. ఆ తేదీని పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. ఈ స్నేహానికి ఉన్న గడువు అదే.

కథ చెబుతున్నది మాత్రం 16 ఏళ్ల జీన్ కాదు. 15 ఏళ్ల తర్వాత స్కూలు చూడటానికి వచ్చిన పెద్దవాడు. అప్పటి జీన్‌కు తెలియనివి ఇతనికి తెలుసు, తెలిసినా వెంటనే చెప్పడు. నాలుగు అధ్యాయాల్లోని పట్టంతా ఇక్కడే ఉంది.

ఇక నోటుబుక్కు తీయండి. పేజీని మూడు నిలువు గడులుగా విడదీయండి: 'ఫిన్నీ చేసింది', 'జీన్ అనుకున్నది', 'జీన్ చేసింది'. మొదటి గడికి ఒక కట్టుబాటు ఉంది. పక్కన నిలబడిన మూడోమనిషికి కనిపించేది, వినిపించేది మాత్రమే అందులో రాయాలి. 'గర్వంగా', 'కావాలని', 'తెలివిగా' లాంటి మాటలేవీ అక్కడికి రాకూడదు. అవి జీన్ చేర్చినవి, వాటి చోటు రెండో గడి.

రెండో అధ్యాయంలోని తేనీటి విందుతో మొదలుపెట్టండి. ఫిన్నీ స్కూలు టైని బెల్టులా నడుముకు కట్టుకొని వస్తాడు, అందరిముందూ దొరికిపోతాడు. దాన్ని మధ్య యూరప్ మీద పడుతున్న బాంబులకు ముడిపెట్టి ఏదో చెప్పి, పెద్దవాళ్లను నవ్వించి, శిక్ష లేకుండా బయటపడతాడు. ఇది మొదటి గడి. ఫిన్నీ తప్పించుకోగానే జీన్‌కు ఒక్క క్షణం నిరాశ కలుగుతుంది. ఆ వెంటనే తనకు తనే సర్దిచెప్పుకుంటాడు: ఇంకాస్త గొడవ జరిగితే సరదాగా ఉండేదని అనుకున్నాను, అంతే కదా అని. ఆ సర్దుబాటు కింద గీత గీసి పక్కన 'సా' అని రాయండి. 'సా' అంటే సాకు. ఒక భావం రావడం, దాని వెనకే దానికో కారణం పరుగెత్తుకు రావడం, ఈ రెండూ పక్కపక్కన కనిపించిన ప్రతిచోటా ఈ గుర్తు పెట్టాలి.

రెండో 'సా' మరీ ముఖ్యం. ఆ అధ్యాయం చివర, ఇద్దరూ ఎక్కిన ఆ నది ఒడ్డు చెట్టు కొమ్మ మీద జీన్ తూలిపోతే ఫిన్నీ చెయ్యి పట్టుకొని ఆపుతాడు. తర్వాతి అధ్యాయం మొదట్లోనే జీన్ లెక్క వేస్తాడు: నన్ను ఆ చెట్టు ఎక్కించిందే అతను, కాబట్టి నేను రుణపడాల్సిన పని లేదు. ఈ వాదనలో అబద్ధం లేదు. అందుకే చాలామంది పాఠకులు దీన్ని తలూపి దాటేస్తారు. ప్రాణం కాపాడిన స్నేహితుడి విషయంలో ఎవరైనా లెక్క ఎందుకు వేస్తారని ఆగి అడగండి.

ఈతకొలను దగ్గర ఫిన్నీ ఏ సాధనా లేకుండా స్కూలు రికార్డు దాటేస్తాడు. చూసింది జీన్ ఒక్కడే. ఎవరికీ చెప్పొద్దంటాడు ఫిన్నీ. తర్వాత సముద్రతీరం. రాత్రి ఇసుక మీద పడుకొని, నువ్వే నా ప్రాణస్నేహితుడివి అని ఫిన్నీ బయటికే అనేస్తాడు. జీన్ బదులు చెప్పబోయి ఆగిపోతాడు. మూడో గడిలో 'ఏమీ అనలేదు' అని రాయండి. చేయనిదాన్ని కూడా ఆ గడిలో రాయాలి. ఆ గడిని ఖాళీగా వదిలేయడం వల్లే సగం వ్యాసాలు పల్చబడతాయి.

మర్నాడు జీన్ ట్రిగనోమెట్రీ పరీక్ష తప్పుతాడు. అక్కడ అనుమానం పుడుతుంది: నా చదువు చెడగొట్టడానికే ఇతను నన్ను ఆటలకు, తీరానికి లాగుతున్నాడు. ఇప్పుడు మొదటి గడి పైనుంచి కిందికి చదవండి. పిలిచాడు, ఆడాడు, దూకాడు, చెయ్యి పట్టుకున్నాడు. అనుమానానికి ఆధారమయ్యే పని ఒక్కటీ కనిపించదు. 'ఇద్దరి మధ్యా పోటీ ఉంది' అని రాసేవాళ్లు పొరబడేది ఇక్కడే. వాళ్లు రెండో గడిని మొదటి గడిగా చదువుతున్నారు.

నాలుగో అధ్యాయంలో ఫ్రెంచి పరీక్షకు చదువుకుంటున్న జీన్‌ను ఫిన్నీ చెట్టు దగ్గరికి రమ్మంటాడు. జీన్ విసుక్కుంటే, చదవాల్సి ఉంటే చదువుకో అంటాడు. నీకు మార్కులు వాటంతటవే వస్తాయనుకున్నానని అంటాడు, తనకు ఆటలు వచ్చినట్టే. ఈ పేజీ దగ్గర తీరిగ్గా ఆగండి. అనుమానం తప్పని తేలాక జీన్ మనసు తేలికపడాలి. కానీ ఇంకా బరువెక్కుతుంది. శత్రువు అనుకున్నంతసేపు ఫిన్నీ అతనికి సమవుజ్జీ. ఫిన్నీ మనసులో ఏ పోటీ లేదని తెలిసిన క్షణంలో జీన్ తన కళ్లకే చిన్నవాడైపోతాడు. తర్వాత చెట్టు మీద జీన్ కొమ్మను ఊపడం, ఫిన్నీ కింద పడటం జరుగుతాయి. ఆ సంఘటనకు అసూయ ఒక్కటే కారణమైతే అది కొన్ని రోజుల ముందే జరగాలి. ఈ మాటల తర్వాతే ఎందుకు జరిగిందో మీ గడుల్లో కనిపించాలి.

ఇక కొమ్మ మీది వాక్యం. అందులో మూడు పనులున్నాయి, ఒక్కోదానికీ కర్త ఎవరో రాయండి. అడుగు వేసింది 'నేను'. వంగినవి 'మోకాళ్లు'. కొమ్మను ఊపింది మళ్లీ 'నేను'. మధ్యలో ఒక్కసారి కథకుడు తప్పుకొని మోకాళ్లను ముందుకు తోశాడు. ఫిన్నీ ఒడ్డున పడ్డాక జీన్ మొదటిసారి ఏ భయమూ లేకుండా దూకుతాడు. ఆ భయం ఎటు పోయిందో మీ మాటల్లో రాయండి. కావాలని చేశాడా, పొరపాటా అని తీర్పు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. 11వ అధ్యాయంలో కుర్రాళ్లే ఒక విచారణ పెడతారు, తీర్పు కోసం తొందరపడితే ఏమవుతుందో అక్కడ తెలుస్తుంది.

రెండో రంగు పెన్సిల్ యుద్ధానికి. పోరు, శత్రువు, సరిసమానం లాంటి మాటలు జీన్ ఆలోచనలో వచ్చినచోటల్లా గీయండి. రేడియోలో, పేపర్లో వినిపించే యుద్ధం అతనికి ఒక స్నేహితుణ్ణి చూసే పద్ధతి నేర్పింది. చివరి అధ్యాయంలో అతనే ఒప్పుకుంటాడు: యూనిఫాం వేసుకోకముందే తన యుద్ధం అయిపోయింది, తన శత్రువును స్కూల్లోనే చంపేశాడు. చెట్టును బైబిల్లోని ఏదెను తోట చెట్టుతో పోల్చే గైడ్లు చాలా దొరుకుతాయి. వాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పోలికతో మొదలుపెడితే మోకాళ్లు కంటపడవు.

అభ్యాసం: ఐదో అధ్యాయం చదవండి. జీన్ ఫిన్నీ బట్టలు వేసుకొని అద్దం ముందు నిలబడే చోటుకి, బోస్టన్ దగ్గరి ఫిన్నీ ఇంట్లో అతనికి నిజం చెప్పే చోటుకి మూడు గడులు నింపండి. తర్వాత 150 మాటల్లో రాయండి: నిజం వినడం ఎవరికి ఎక్కువ కష్టం? 'అసూయ', 'పశ్చాత్తాపం' అనే మాటలు వాడకూడదు. వచ్చే పాఠంలో 6 నుంచి 8 వరకు అధ్యాయాలు, అంటే తోటి విద్యార్థి బ్రింకర్ అనుమానం, ఫిన్నీ తిరిగి రావడం, 1944 ఒలింపిక్స్ కోసం జీన్‌కు అతనిచ్చే శిక్షణ.