స్ట్రింగ్ క్వార్టెట్‌ను వృత్తిగా ఎంచుకునేవారికి

వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ లేని స్ట్రింగ్ క్వార్టెట్‌లో ప్రతి నిర్ణయమూ రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం), ఒక చెల్లో (ఇంకా పెద్దదైన, మంద్ర స్వరాల వాద్యం) వాయించే నలుగురి మధ్యే తేలాలి కనుక, సభ్యులను ఎంచుకునేటప్పుడు వాద్య నైపుణ్యంతో పాటు ఎదుటివారి విమర్శను స్వీకరించగల స్వభావాన్ని కూడా చూడాలి. నా అభిప్రాయంలో రెండోదే ముఖ్యం.

బృందం కుదిరిన తొలి నెలల్లోనే కొన్ని విషయాలను రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది. ఆదాయాన్ని నలుగురూ సమానంగా పంచుకుంటారా, బయటి కచేరీలను ఎంతవరకు ఒప్పుకోవచ్చు, ఎవరైనా తప్పుకుంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, బృందం పేరు ఎవరికి చెందుతుంది అనేవి స్నేహం బాగున్నప్పుడే మాట్లాడుకోవాలి. 1987లో వయోలా వాద్యకారుడు పీటర్ షిడ్లోఫ్ మరణించడంతో అమడేయస్ క్వార్టెట్ తన ప్రయాణాన్ని ముగించింది. 1946లో మొదలైన జూలియార్డ్ క్వార్టెట్ మాత్రం సభ్యులు మారుతున్నా కొనసాగుతూ వస్తోంది. రెండు మార్గాలూ గౌరవప్రదమైనవే, కానీ మీది ఏదో ముందే తెలిసి ఉండాలి.

రిహార్సల్‌లో అత్యధిక సమయం శ్రుతికే కేటాయించండి. చెల్లోలోని సి తీగ నుంచి వయొలిన్‌లోని ఇ తీగ వరకు పక్కపక్క తీగల మధ్య ఉండే పంచమాలన్నిటినీ సంపూర్ణ శుద్ధంగా కలుపుతూ పోతే, చివరి ఇ స్వరం ఆ సి స్వరానికి గాంధారంగా పలకవలసిన స్థానం కన్నా స్పష్టంగా పైకి పోతుంది. అందుకే చాలా బృందాలు పంచమాలను రవ్వంత దగ్గరగా కలుపుకుంటాయి. కష్టమైన చోట వైబ్రాటో (స్వరాన్ని కంపింపజేయడం) లేకుండా, నెమ్మదిగా, ముందు చెల్లో పలికి, దానిపై ఒక్కొక్కరే చేరుతూ వాయించి చూడండి. భేదాభిప్రాయం వచ్చినప్పుడు వాదన పెంచకుండా రెండు పద్ధతుల్లోనూ మనస్ఫూర్తిగా వాయించి విన్న తరువాతే నిర్ణయించుకోవాలి.

స్వరకర్తలలో బేథోవెన్ 16, బార్టోక్ 6, షోస్టకోవిచ్ 15 క్వార్టెట్ రచనలు చేశారు. వాటన్నిటి మీదా ఒకేసారి పడకుండా, హైడన్ రచనలతో పునాది వేసుకుని, మొదటి ఏడాదికి రెండు పూర్తి కచేరీ కార్యక్రమాలను లోతుగా సిద్ధం చేసుకుంటే చాలు. 1983లో కెనడాలో మొదలైన బాన్ఫ్ వంటి అంతర్జాతీయ పోటీలు గుర్తింపునిస్తాయి. అయితే వాటికి వయఃపరిమితి ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

ఇక డబ్బు సంగతి. కచేరీకి వచ్చే పారితోషికంలో ఏజెంటు కమిషన్, ప్రయాణం, బస ఖర్చులు పోగా మిగిలినదే నాలుగు భాగాలవుతుంది. పైగా విమానంలో చెల్లోకు కూడా సీటు కొనాలి, అంటే నలుగురి ప్రయాణానికి అయిదు టికెట్లు. కేవలం కచేరీల మీద ఆధారపడటం కష్టం కనుక, విశ్వవిద్యాలయంలో బోధనతో కూడిన రెసిడెన్సీ (ఆస్థాన బృందంగా ఉండే నియామకం) కోసం తొలి నుంచే ప్రయత్నించాలి. 1975లో బుడాపెస్ట్‌లో ఏర్పడిన టాకాచ్ క్వార్టెట్ 1980లలో కొలరాడో విశ్వవిద్యాలయంలో స్థిరపడి, అక్కడి నుంచే ప్రపంచమంతటా కచేరీలు చేస్తోంది. సభా నిర్వాహకులు ఏడాది, రెండేళ్ల ముందే తేదీలు ఖరారు చేసుకుంటారు కాబట్టి, మీ రికార్డింగులనూ కార్యక్రమ ప్రతిపాదనలనూ ఆ లెక్క ప్రకారమే పంపించండి.