రోగికి నూనె రాసి ప్రార్థన చేయడం ఎలా?

మా చర్చిలో సంఘ పెద్దగా ఉంటూ ఇరవై ఏళ్లకు పైగా రోగుల దగ్గరికి వెళ్తున్నాను. ఇళ్లలో, ఆసుపత్రి వార్డుల్లో, ఒకసారైతే గేటు దగ్గర ఆగిన ఆటోలోనే నూనె రాసి ప్రార్థన చేశాను. తిప్పికొడితే పావుగంట పని. దీన్ని ఎన్ని రకాలుగా పాడు చేయొచ్చో చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

దీనికి ఆధారం యాకోబు పత్రిక 5వ అధ్యాయం, 14వ వచనం. అందులో పిలిపించేది రోగి. వెళ్లేది సంఘ పెద్దలు, అంటే ఒకరికి మించి. కాబట్టి పిలవని ఇంటికి నూనె డబ్బీ పట్టుకుని వెళ్లొద్దు, ఒక్కరే వెళ్లొద్దు. ఇద్దరు చాలు, ముగ్గురు ఎక్కువ. వ్యానులో పదిహేను మంది దిగితే రోగికి ఊపిరాడదు, ఇంటావిడ టీ పెట్టలేక చస్తుంది.

కావలసినవి

నూనె, గట్టి మూత ఉన్న చిన్న స్టీలు డబ్బీ, చేతిరుమాలు, బైబిలు. అంతే.

కిరాణా కొట్లో దొరికే ఒలీవ నూనె సరిపోతుంది. లేకపోతే కొబ్బరి నూనె. ఒలీవ నూనె దొరకని చోట వేరే మొక్కల నుంచి తీసిన నూనె వాడొచ్చని కాథలిక్కులకే 1972లో పోప్ ఆరవ పౌలు అనుమతి ఇచ్చారు, మనకెందుకు పట్టింపు? సెంటు కలిపింది మాత్రం వద్దు. కీమో చేయించుకుంటున్న వాళ్లకు ఆ వాసనకే వాంతి వస్తుంది.

ఇక సీసాల్లో అమ్మే ‘అభిషేక తైలం’ సంగతి. నిర్గమకాండం 30లో చెప్పినట్టే తయారుచేశామని మీద రాసి ఉంటుంది. గోపరసం (ఒక సుగంధపు బంక) 500 తులాలు, లవంగిపట్ట, నిమ్మగడ్డి నూనె, ఒలీవ నూనె, ఆ కొలతలన్నీ అక్కడ ఉన్న మాట నిజమే. ఇంకో ఏడెనిమిది వచనాలు చదివితే, దాన్ని మామూలు మనుషుల ఒంటి మీద పోయకూడదనీ, అలాంటిది తయారుచేసినవాణ్ని ప్రజల్లోనుంచి కొట్టివేయాలనీ కూడా ఉంది. సీసా మీద అది రాయరు.

మంచం దగ్గర

భోజనాల వేళ వద్దు. డయాలసిస్ చేయించుకొచ్చిన రోజు వద్దు. నా లెక్కలో పొద్దున తొమ్మిది, పది మధ్యే సరైన సమయం. చేతులు కడుక్కోండి. మంచం మీద కూర్చోకుండా కుర్చీ లాక్కోండి. మైకు, తబలా ఎవరైనా తెచ్చి ఉంటే బయటే పెట్టించండి.

తర్వాత రోగిని అడగాలి, “ఏం ప్రార్థన చేయమంటారమ్మా?” అని. యేసు ప్రభువు కూడా గుడ్డివాడైన బర్తిమయిని, నీకేం చేయాలని అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో ఆయనకు తెలియకా? అడిగేటప్పుడు చుట్టాలను కాసేపు బయట కూర్చోమనండి. యాకోబు 5వ అధ్యాయం 16వ వచనంలో పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని ఉంది. కోడలు తలుపు దగ్గర నిలబడి వింటుంటే ఎవరు ఒప్పుకుంటారు? అక్కడ విన్నది మీ ఇంట్లో కూడా చెప్పొద్దు.

ఒక ముసలావిడకు రెండు కిడ్నీలూ పోయాయి. నాలుగు నెలలుగా అందరూ వచ్చి కిడ్నీల కోసమే ప్రార్థన చేసి వెళ్తున్నారు. నేను అడిగితే ఆవిడ పైట చెంగుతో కళ్లు తుడుచుకుని, “కిడ్నీల సంగతి దేవుడికి వదిలేశా అయ్యా. నా కొడుకులిద్దరూ మాట్లాడుకుని ఆరేళ్లయింది. దానికోసం చెయ్” అంది. అంతవరకు ఎవరూ అడగలేదట.

రోగి కాథలిక్కు అయితే మీరు ఆగండి. వాళ్లలో దీన్ని అవస్థ అభ్యంగనం అంటారు. అది గురువు చేయాల్సిన పని. ఫాదర్‌కు ఫోన్ చేసిపెడితే అదే సాయం.

నూనె రాయడం

కుడిచేతి చూపుడు వేలు నూనెలో తడిపి, నుదుటి మీద ఒక్క చుక్క. ఉంగరం వేలు వాడొద్దు, అది బొట్టు పెట్టే వేలు, చూసేవాళ్లు వేరేగా అనుకుంటారు. నేను చిన్న సిలువ గుర్తు వేస్తాను. బైబిల్లో లేదు, అయినా అలాగే వేయాలి. తలకు కట్టు ఉంటే అరచేతిలో రాయండి. పుండు మీద రాయొద్దు. పేరు పెట్టి పిలిచి, “ప్రభువైన యేసు నామంలో నీకు నూనె రాస్తున్నాం” అనండి. గిన్నెలు గిన్నెలు నెత్తిన కుమ్మరించడం సభల్లో చూసి నేర్చుకున్న అలవాటు. దిండు పాడవడం తప్ప ఒరిగేదేం లేదు.

ప్రార్థన

పని చెడేది ఇక్కడే. నూనె రాసిన చేయి తీసేలోగా నోట్లోంచి వచ్చే మాటల దగ్గర.

బాగుచేయమని అడగండి, గట్టిగానే అడగండి. బాగైపోయిందని మాత్రం ప్రకటించొద్దు. కొన్నేళ్ల కిందట మా పక్క ఊళ్లో ఒక బోధకుడు షుగర్ ఉన్న ఒకావిడ తల పట్టుకుని, “ఈ రోజు నుంచి నీకు సూది అక్కర్లేదు తల్లీ!” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ ఇన్సులిన్ ఆపేసింది. నాలుగో రోజు తెల్లవారుజామున స్పృహ తప్పితే ఐసీయూకి మోసుకెళ్లారు. బతికింది. ఆ రోజు డబ్బీ పట్టుకుని ఆయన పక్కన నిలబడింది నేనే. “అలా అనకండి అయ్యగారూ” అనే ఒక్క మాట నా నోట రాలేదు. నేను ఇంత ఖచ్చితంగా ఉండటానికి కారణం అదే.

రెండోది, “నీ విశ్వాసం చాల్లేదు” అనే మాట. ఇది ఎప్పుడూ వద్దు. యాకోబు 5వ అధ్యాయం 15వ వచనంలో విశ్వాసంతో చేసిన ప్రార్థన రోగిని స్వస్థపరుస్తుందని ఉంది. ఎవరు చేసిన ప్రార్థన? వెళ్లిన పెద్దలది. విశ్వాసం లెక్క తేల్చాలంటే ముందు మనది తేలాలి, మంచం మీద ఉన్నవాళ్లది కాదు. పౌలు కన్నా మనం గొప్ప ప్రార్థనాపరులమా? ఆయన తనతో తిరిగిన త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వెళ్లాడు. తిమోతికి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. ఎవర్నీ విశ్వాసం లేదని తిట్టలేదు.

మూడోది, ‘అభిషేకం దిగుతోంది’ అని, అంటే దేవుని ఆత్మ దిగుతోందని, రోగి తల పట్టుకుని ఊపేయడం. బీపీ మనిషి మెడ అది. అసలు అభిషేకాన్ని డబ్బీలో పెట్టుకుని ఆ ఇంటికి తెచ్చింది మనమే అన్నట్టు ప్రవర్తిస్తాం. క్రీస్తు అన్నా మెస్సీయ అన్నా అభిషేకం పొందినవాడనే అర్థం. ఆయన్ని నమ్మిన వాళ్లందరితోనూ యోహాను తన మొదటి పత్రిక 2:20లో, మీరు పరిశుద్ధుని వల్ల అభిషేకం పొందినవారని అంటాడు. పాస్టర్లతో కాదు, అందరితో. ఆ మంచం మీద ఉన్నావిడకు అది మనకన్నా ముందే వచ్చి ఉండొచ్చు. రాజు కావడానికి ప్రవక్త సమూయేలు కొమ్ముతో నూనె పోశాక దావీదు మళ్లీ గొర్రెల దగ్గరికే వెళ్లాడు, సింహాసనం ఎక్కడానికి ఏళ్లు పట్టింది. నూనె పడిన క్షణంలోనే పైకి ఏదో కనిపించాలన్న టెన్షన్ మనకెందుకు?

యాకోబు వాడిన గ్రీకు మాట కూడా క్రీస్తు అనే పేరుకు మూలమైన మాట కాదు. రోజూ తలకు నూనె రాసుకోవడానికి కూడా చెప్పే మాట అది. ఉపవాసం ఉన్నప్పుడు తలకు నూనె రాసుకోమని మత్తయి 6:17లో ఉన్నది ఆ మాటే. మన బైబిల్లో 23వ కీర్తన ‘నూనెతో నా తల అంటియున్నావు’ అంటుంది. మన ఇళ్లలో పండగ పూట అమ్మ పోసే తలంటులోని అంటడమే కదా అది. ఆ చేయి ఎలా ఉండేదో గుర్తుందా? మీ చేయీ అలా ఉండాలి.

అందుకని, నూనె రాశాక చేయి తీయకుండా కాసేపు ఏమీ మాట్లాడకండి. పదిదాకా లెక్కపెట్టండి. తర్వాత మామూలు గొంతుతో ఇలా అంటే చాలు: “ప్రభువా, ఈమె నీది. ఈ నొప్పి నీకు తెలుసు. తగ్గించు, లేపు. మందు ఇచ్చే డాక్టర్లకు జ్ఞానమివ్వు. రాత్రి నిద్ర పట్టించు.” తర్వాత రోగి అడిగింది, ఆమె చెప్పిన మాటల్లోనే. మూడు నిమిషాలు దాటొద్దు. ఆ ముసలావిడకు నేను చేసిన ప్రార్థనలో కిడ్నీల మాట ఒక్కసారే వచ్చింది. కొడుకుల పేర్లు రెండూ వచ్చాయి. చిన్నవాడు బయట అరుగు మీదే ఉన్నాడు, విన్నాడు.

తర్వాత

చుట్టాలను లోపలికి పిలిచి, వాళ్ల ముందే “మందులు వేళకు వేసుకోండి” అని చెప్పండి. ఇది తప్పనిసరి. మందులు ఆపమని పెద్దలే చెప్పారని తర్వాత ఎవరూ మాట మార్చలేరు. ఆ రోజు కానుక ముట్టొద్దు. టీ ఇస్తే తాగండి. మిగిలిన నూనె అడిగినా ఇవ్వకండి. ఒకసారి మొహమాటపడి ఇస్తే, ఇంటావిడ సగం రోగికి తాగించి సగం గేదె పొదుగుకు రాసింది.

వారం తిరక్కుండా మళ్లీ వెళ్లండి, ఈసారి డబ్బీ లేకుండా. అది ఉంటే వాళ్లు మీ జేబు వైపే చూస్తుంటారు. నాలుగు అరటిపళ్లు పట్టుకెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చోండి.