స్పీడు పెరిగితే హోరు: టైరా, బేరింగా?

కారు 40 దాటగానే కింద నుంచి సన్నగా మొదలై, 60కి గట్టిపడి, 80 దగ్గర పక్క సీటులో వాళ్ళ మాట కూడా వినపడనివ్వని హోరు. దీనికి దోషులు ఎక్కువగా ఇద్దరే: అరిగిన టైరు, పోయిన వీల్ బేరింగ్ (చక్రం సాఫీగా తిరిగేలా దాని మధ్యలో ఉండే ఇనుప గుండ్ల రింగు). రెండింటి చప్పుడూ దాదాపు ఒకటే కావడంతో నాలుగు టైర్లూ మార్పించాక కూడా హోరు అలాగే మిగిలిపోయే సందర్భాలు ఎన్నో. ఒక్క నట్టు కూడా విప్పకముందే, పైసా ఖర్చు లేకుండా ఈ రెండింటినీ విడదీయొచ్చు.

ముందు నాలుగు టైర్లలోనూ డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద రాసినంత గాలి పట్టించండి. పొద్దున్నే ఖాళీగా ఉండే తిన్నని రోడ్డు మీద 60లో వెళ్తూ, గేర్‌ల కారైతే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. ఇంజిన్ మాత్రం ఆపొద్దు, ఆపితే బ్రేకు, స్టీరింగ్ బిగుసుకుపోతాయి. ఇంజిన్ చప్పుడు తగ్గినా హోరు తగ్గకపోతే అది చక్రాల దగ్గరిదే. తర్వాత అదే స్పీడులో తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదకు వెళ్ళి చూడండి. రోడ్డు మారగానే శబ్దం బాగా మారితే టైరును అనుమానించాలి. బేరింగ్ హోరుకు రోడ్డుతో పెద్దగా పని లేదు.

ఇక అసలు పరీక్ష మలుపులో. పొడవాటి వంపులో కారు కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగి, ఎడమకు తిరిగేటప్పుడు తగ్గితే ఎడమ బేరింగ్ పోయిందని లెక్క. ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడివైపుది. ఈ బేరింగుల్లో బాల్స్ రెండు వరుసలుగా ఉంటాయి కాబట్టి, ఏ వరుస దెబ్బతిన్నదన్న దాన్నిబట్టి ఈ లెక్క అప్పుడప్పుడూ తారుమారవుతుంది. చెవిని నమ్మి ఎటువైపో తేల్చేయకండి, కారు లోపల శబ్దం మోసం చేస్తుంది. జాకీ ఎక్కించి చూశాకే మాట.

ముందు చక్రం చూడాలంటే సమతలంలో ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టి, జాకీతో లేపాక గేరు న్యూట్రల్‌లో ఉంచండి. వెనక చక్రానికైతే హ్యాండ్ బ్రేక్ తీసేయాలి, కాబట్టి ఫస్ట్ గేరు వేసి ముందు చక్రాలకు రాళ్ళు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండు ఉంటేనే.

టైరు పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టకటకమని ప్లే (వదులు) తెలిస్తే ఒకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్ళీ ఊపండి. ప్లే మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు). పక్కల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చక్రానికి కలిసే చోటి కీలు) చూడాలి. ప్లే లేనంత మాత్రాన బేరింగ్ బాగున్నట్టు కాదు. ఒక చేతి వేళ్ళు సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని గట్టిగా తిప్పండి. పోయిన బేరింగ్ గరగర స్ప్రింగులోంచి వేళ్ళకు తెలుస్తుంది. రెండో వైపు చక్రంతో పోల్చుకుంటే అనుమానం ఉండదు.

అక్కడ ఏమీ తేలకపోతే టైరు మీద అరచేత్తో అడ్డంగా నిమరండి. ఒకవైపు నునుపుగా, వెనక్కి నిమిరితే రంపం పళ్ళలా తగిలితే అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) తప్పింది. ఎత్తుపల్లాలుగా గుంటలు పడితే సాధారణంగా షాక్ అబ్జార్బరు తప్పు. ముందు టైర్లను వెనక్కి మార్చి తిప్పితే హోరు కూడా వాటితోపాటు వెనక్కి పోతుంది. ఆ మూలం సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి.

బేరింగ్ అని తేలితే, ప్లే వచ్చినదాన్ని హైవే మీద అస్సలు నడపొద్దు. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు బేరింగ్‌ను నకిల్‌లోకి (చక్రాన్ని మోసే ఇనుప భాగం) ప్రెస్‌తో ఎక్కిస్తారు. పని ఎక్కువగా చెడేది ఇక్కడే. సుత్తితో కొట్టి ఎక్కిస్తే బాల్స్ దారిలో నొక్కులు పడి, కొత్త బేరింగే కొన్ని వేల కిలోమీటర్లకు హోరెత్తుతుంది. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోటే చేయించండి. నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. హబ్‌ను (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగ్‌లోకి దించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆసరా ఉండాలి. బేరింగ్ జారకుండా పట్టే సర్‌క్లిప్ గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో చూసుకోవాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారైతే చాలా బేరింగులకు ఒకవైపు అయస్కాంతపు రింగు ఉంటుంది. అది సెన్సార్ వైపు రావాలి, తిరగేసి ఎక్కిస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది. పాత హబ్ మీద గీతలు, నీలం మరకలు ఉంటే హబ్ కూడా మార్చాల్సిందే.

హబ్ మధ్యలో బిగించే యాక్సిల్ నట్టు కొత్తదే వేయించండి. దాన్ని మీ కారు మాన్యువల్‌లో చెప్పినంత టార్క్‌కు (బిగింపు బలం), దాన్ని కొలిచే టార్క్ రెంచితోనే బిగించాలి. ఆ నట్టు వదులుగా ఉండగా చక్రాన్ని నేల మీద ఆనిస్తే కారు బరువుకు బేరింగ్ చెడిపోతుంది. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన భాగం) బోల్టులు విప్పితే అలైన్‌మెంట్ తప్పనిసరి.

హోరు కాక వేరే చప్పుడైతే దారి వేరు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే కడ్డీ) జాయింట్. దాని రబ్బరు బూటు చిరిగి రిమ్ము లోపలివైపు గ్రీజు చిందుతుంది. గుంతల రోడ్డు దాటాక ఉన్నట్టుండి కీచుమంటే డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉండొచ్చు, స్క్రూడ్రైవరుతో రేకును కొంచెం వంచితే రాలిపోతుంది. బ్రేకు వేసినప్పుడు ఇనుము గీరినట్టు వినిపిస్తే మాత్రం కారు అక్కడే ఆపి ప్యాడ్లు చూపించండి. 3 మిల్లీమీటర్ల కంటే పలచబడితే మార్చాలి.

పని అయ్యాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిప్పి వీల్ నట్ల బిగువు మళ్ళీ చూసుకోండి. అదే రోడ్డు మీద, అదే స్పీడులో, అదే మలుపులో ఇంకోసారి విని చూడండి.