ఇంటి కంప్యూటర్ పాఠాలు – 4: అప్‌డేట్ తర్వాత ప్రోగ్రామ్ మాయమైతే

కిందటి పాఠంలో సేఫ్ మోడ్‌లోకి, అంటే విండోస్ తనకు తప్పనిసరైనవాటితో మాత్రమే తెరుచుకునే పద్ధతిలోకి, వెళ్లడం నేర్చుకున్నాం. చేసి చూడనివాళ్లు ముందు ఒకసారి చేసి రండి, ఈ పాఠం చివర్లో దాని అవసరం పడుతుంది.

మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. మా కింది ఫ్లోర్‌లో గుంటూరు నుంచి వచ్చిన రిటైర్డ్ తెలుగు మాస్టారు కూతురి దగ్గర ఉంటున్నారు. రోజూ పొద్దున రెండు గంటలు పద్యాలకు అర్థాలు టైప్ చేసుకుంటారు. ఒకరోజు కాఫీ వేళకే తలుపు కొట్టి, "అమ్మా, రాత్రిదాకా తెలుగు పడింది. ఇప్పుడు చూస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. అల్లుడేమో ఫార్మాట్ కొట్టించమంటున్నాడు" అన్నారు.

"ఫార్మాట్ మాట ఇప్పుడే వద్దు మాస్టారూ. రాత్రి ఏం మారిందో చూద్దాం రండి" అన్నాను.

అలా అనడానికి కారణం ఉంది. ఆరేళ్ల కిందట నా లాప్‌టాప్ మొరాయిస్తే ఎస్.పి. రోడ్డులో ఒక షాపులో ఇచ్చాను. నన్ను అడగకుండానే ఫార్మాట్ కొట్టేశారు. మా నాన్నగారి షష్టిపూర్తి ఫోటోలు పోయాయి. ఆ బాధలోంచే ఈ పని నేర్చుకున్నాను.

మొదట తెలుసుకోవలసింది, మనం ఒకే మాటతో అప్‌డేట్ అనేవి నిజానికి మూడు. ఒకటి వైరస్‌ల జాబితా, అంటే డెఫినిషన్లు. ఇవి రోజుకు కొన్నిసార్లు చడీచప్పుడు లేకుండా వచ్చిపోతాయి. రెండోది యాంటీవైరస్ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్. మూడోది విండోస్ అప్‌డేట్. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే వచ్చే చరిత్రలో ఏ రోజు ఏ విండోస్ అప్‌డేట్ పడిందో, ఏ ప్రోగ్రామ్ ఆగిపోయిందో తేదీలవారీగా కనిపిస్తుంది. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే దాని డెఫినిషన్ల సంగతి దాని లాగ్‌లోనే, అంటే అది రాసుకునే చిట్టాలోనే చూడాలి.

మిగతావన్నీ బాగుండి ఒక్క ప్రోగ్రామే మాయమైతే నా అనుమానం ముందు డెఫినిషన్ల మీదికే పోతుంది. మాస్టారి కంప్యూటర్‌లో విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో ప్రొటెక్షన్ హిస్టరీ నొక్కాం. రాత్రి పదకొండున్నరకు ఒక ఫైలు క్వారంటైన్ అయినట్టు, అంటే అనుమానంతో పక్కన బంధించినట్టు ఉంది. అది తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫైలే.

"నా తెలుగు వైరస్ ఎలా అయిందమ్మా?" అని ఆయన నొచ్చుకున్నారు. అడగవలసిన ప్రశ్నే. ఇలాంటి టైపింగ్ సాఫ్ట్‌వేర్ మీరు నొక్కే ప్రతి మీటనూ మధ్యలో అందుకుని తెలుగు అక్షరంగా మారుస్తుంది. పాస్‌వర్డ్‌లు దొంగిలించే కీలాగర్ కూడా ప్రతి మీటనూ మధ్యలోనే అందుకుంటుంది. పైకి రెంటి నడవడికా ఒకటే. కాబట్టి కొత్త డెఫినిషన్ పొరపడటానికి వీలుంది.

అలాగని వెంటనే రీస్టోర్ నొక్కకండి. ఆ ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకోండి. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ కాపీ అయితే వెనక్కి తేవద్దు, ఎంత అలవాటైన సాఫ్ట్‌వేర్ అయినా సరే. తయారీదారు సైట్ నుంచి తెచ్చుకున్నదైతే, అదే ఇన్‌స్టాలర్‌ను మళ్లీ అక్కడి నుంచే దించుకుని వైరస్‌టోటల్ అనే సైట్‌లో పెట్టండి. అది 70కి పైగా స్కానర్లతో పరీక్షిస్తుంది. ఒకటి రెండు మాత్రమే తప్పంటే చాలావరకు పొరపాటే. పేరున్నవి పదీ పన్నెండూ వైరస్ అంటే వాటి మాట వినండి. సొంత కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మాత్రం ఆ సైట్‌లో పెట్టకూడదు, అక్కడ పెట్టిన ఫైళ్లు ఇతరులకూ చేరతాయి.

మాస్టారి ఇన్‌స్టాలర్‌ను ఒక్క స్కానరే తప్పుపట్టింది. అప్పుడు ప్రొటెక్షన్ హిస్టరీలో ఆ ఫైలు మీద నొక్కి, యాక్షన్స్‌లో రీస్టోర్ ఎంచుకున్నాం. మళ్లీ పట్టుకోకుండా ఎక్స్‌క్లూజన్స్‌లో, అంటే యాంటీవైరస్ తనిఖీ చేయకుండా వదిలేసే జాబితాలో, ఆ ఒక్క ఫైలునే చేర్చాం. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తాన్నో, సీ డ్రైవ్ మొత్తాన్నో చేర్చేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆపేసి మరిచిపోవడమూ అంతే ప్రమాదం. పొరపాటని యాంటీవైరస్ కంపెనీకి తెలియజేసి, వాళ్లు డెఫినిషన్ సరిచేశాక ఎక్స్‌క్లూజన్ తీసేయాలి.

కొన్నిసార్లు యాంటీవైరస్ విండోస్ సొంత ఫైలునే వైరస్ అనుకుంటుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అనే యాంటీవైరస్ డెఫినిషన్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలో ఎస్‌వీసీహోస్ట్ అనే ముఖ్యమైన ఫైలును పట్టేసింది, కంప్యూటర్లు పదేపదే రీస్టార్ట్ అయ్యాయి. 2024 జూలై 19 మీకు గుర్తుండే ఉంటుంది, బెంగళూరు ఎయిర్‌పోర్టులో కూడా చెక్-ఇన్ స్తంభించింది. అది తప్పుగా పట్టుకోవడం కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పంపిన అప్‌డేట్ ఫైలులోనే లోపం. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. వాటిలో చాలావాటిని ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లోకి తీసుకెళ్లి, చేత్తో ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది.

మన ఇంట్లోనూ అంతే. కంప్యూటర్ తెరుచుకోకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. అక్కడ బాగా పనిచేస్తే, బయటి నుంచి పెట్టుకున్న యాంటీవైరస్‌నో, ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే డ్రైవర్ ప్రోగ్రామ్‌నో అనుమానించాలి. సేఫ్ మోడ్‌లో మామూలు అన్‌ఇన్‌స్టాల్ ఒక్కోసారి పనిచేయదు. చాలా కంపెనీలు తమ సైట్‌లో రిమూవల్ టూల్ ఇస్తాయి, అది వాడండి.

ఒక్క చోట ఆగిపోవచ్చు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, అంటే అందులోవన్నీ తాళం వేసినట్టు రహస్య రూపంలో ఉంటే, విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. చాలా కొత్త లాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. కంప్యూటర్ ఆగిపోయాక వెతకబోతే ఆ టెన్షన్‌లో పాస్‌వర్డ్ కూడా గుర్తురాదు.

ఈ వారం అభ్యాసం: ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచి, క్వారంటైన్‌లో ఉన్న ప్రతి ఫైలు పేరు, తేదీ నోట్‌బుక్‌లో రాయండి. మీ అకౌంట్‌లో రికవరీ కీ ఉందేమో చూసి, ఉంటే కాగితం మీద ఎక్కించి ఇంటి పత్రాలతో కలిపి పెట్టండి. మాస్టారు తన కీని పెద్దబాలశిక్షలో పెట్టుకున్నారు. వచ్చే పాఠంలో ఒకే కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఏమవుతుందో చూద్దాం.