వావిలాకు సారం శిలీంధ్రాన్ని ఆపుతుందా? పరీక్షించే విధానం

మిరపలో కాయకుళ్లు తెగులు కలిగించే కొల్లెటోట్రైకం శిలీంధ్రంపై అడవి మొక్కల సారం ఎంతవరకు పనిచేస్తుందో కళాశాల ప్రయోగశాలలోనే తేల్చుకోవచ్చు. విశాఖపట్నం పరిసరాలలో వాగుల వెంట పెరిగే వావిలి ఇందుకు అనువైనది. కంబాలకొండ అభయారణ్యం కనుక అక్కడ అనుమతి లేకుండా ఆకు కోయరాదు. సాధారణంగా ఐదు రెక్కలుగా చీలి, అడుగున బూడిదరంగు నూగుతో, నలిపితే ఘాటుగా వాసన వచ్చే ఆకును పూలకొమ్మతో సహా సేకరించి, వృక్షశాస్త్ర అధ్యాపకుల చేత నిర్ధారణ చేయించుకోవాలి.

ఆకులను కడిగి నీడన ఆరబెట్టాలి. అయితే వానాకాలంలో విశాఖ గాలిలోని తేమకు ఆరకముందే ఆకుకే బూజు పడుతుంది కాబట్టి, 40 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టడం మేలు. 10 గ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల శుద్ధజలంలో 24 గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టి, నూలుగుడ్డతో వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి మడ్డిని వేరుచేసే యంత్రం) తేర్చి, 0.22 మైక్రాన్ల వడపోత గుండా పంపాలి. సారాన్ని ఆటోక్లేవ్‌లో (అధిక పీడనపు ఆవిరితో సూక్ష్మజీవులను చంపే పరికరం) శుద్ధిచేయరాదు, ఆ వేడికి కొన్ని క్రియాశీల పదార్థాలు చెడిపోతాయి.

లీటరు నీటికి 200 గ్రాముల బంగాళాదుంపల కషాయం, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 20 గ్రాముల అగార్ (గడ్డకట్టించే పదార్థం) చొప్పున యానకం, అంటే శిలీంధ్రం పెరిగే ఆహారం, తయారుచేసి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వద్ద శుద్ధిచేసి, సుమారు 45 డిగ్రీలకు చల్లారాక 90 మిల్లీలీటర్లకు 10 మిల్లీలీటర్ల సారం కలిపి ప్లేట్లలో పోయాలి. పోలిక కోసం ఉంచే కంట్రోల్ ప్లేట్లలో సారానికి బదులు అంతే శుద్ధజలం కలపాలి. సారాన్ని ఆల్కహాల్‌తో తీసినవారు దానిని ఆవిరిచేయకుండా కలిపి, ఆల్కహాల్ చేసిన పనిని మొక్క ఖాతాలో వేయడం తరచుగా జరిగే పొరపాటు.

ఏడు రోజులు పెంచిన శిలీంధ్రపు అంచు నుండి 5 మిల్లీమీటర్ల బిళ్లను కోసి, శిలీంధ్రం ఉన్న వైపు కిందికి వచ్చేలా ప్లేటు నడుమ ఉంచి, 25 డిగ్రీల వద్ద పెంచాలి. ఒక్కొక్క రకానికి కనీసం మూడు ప్లేట్లు ఉండాలి. కంట్రోల్ పెరుగుదల అంచుకు చేరువయ్యాక వ్యాసాన్ని రెండు దిశలలో కొలిచి సగటు తీసి, బిళ్ల వ్యాసాన్ని తీసివేయాలి. మిగిలినది కంట్రోల్‌లో 80, సారంలో 32 మిల్లీమీటర్లు అయితే, తేడా 48ని 80తో భాగిస్తే, నిరోధం 60 శాతం.

పెరుగుదల పూర్తిగా ఆగిన చోట, ఆ బిళ్లను సారం లేని కొత్త యానకంపైకి మార్చి చూడాలి. అక్కడ తిరిగి పెరిగితే సారం శిలీంధ్రాన్ని చంపలేదు, నిలిపి ఉంచింది అని మాత్రమే నమోదు చేయాలి. వాడిన ప్లేట్లను ఆటోక్లేవ్ చేశాకే పారవేయాలి.